గాలి దిగే టైరు, తిరస్కరించిన వారంటీ, మధ్యలో మరిది

కడప నుంచి ఒక ఉపాధ్యాయురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమె యర్రగుంట్ల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నారు. తోటి ఉపాధ్యాయినులను ఇద్దరిని ఎక్కించుకుని రోజూ రానూపోనూ దాదాపు 80 కిలోమీటర్లు తానే కారు నడుపుతారు. 2024 జూలైలో నాలుగు టైర్లూ ఒకేసారి మార్పించారు. కొన్నది భర్తకు చిన్నాన్న కొడుకు, ఆమెకు మరిది అయ్యే వ్యక్తి దుకాణంలో. ఒక్కొక్క టైరు ధర 6,400 రూపాయలు. మనవాళ్లని చెప్పి ఆయన నాలుగింటికీ కలిపి 24,000 తీసుకుని, పన్ను బిల్లు ఇవ్వకుండా దుకాణం పేరున్న చీటీ మీద మొత్తం రాసి ఇచ్చారు. డబ్బు ఆమె ఫోన్ నుంచే యూపీఐలో వెళ్లింది.

2025 జూన్ చివర్లో, వాన పడుతున్న ఒక సాయంత్రం, నాపరాళ్ల లారీకి దారి ఇవ్వబోయి కారు ఎడమ చక్రం గుంతలో బలంగా దిగింది. జూలై నడిమికి ఆ ఎడమ ముందు టైరులో గాలి దిగడం మొదలైంది. 33 పాయింట్లు పట్టిస్తే ఐదు రోజులకు 24కు వచ్చేది. మొదటి పంచరు షాపులో నీళ్ల తొట్టిలో ముంచి చూసి ఏమీ లేదన్నారు. రెండో చోట చిన్న మేకు తీసి, ఆ రంధ్రంలోకి రబ్బరు పట్టీ దూర్చారు, దాన్నే స్ట్రిప్ వేయడం అంటారు. దిగడం కొంత తగ్గింది గానీ ఆగలేదు. మూడోసారి ఒక పెట్రోలు బంకు దగ్గర టైరులో జిగురు మందు పోశారు. పది రోజులు బాగుండి, మళ్లీ మామూలే. సెప్టెంబరులో ఒక ఉదయం తొందరలో గాలి చూసుకోకుండా బయలుదేరారు. స్టీరింగు ఎడమకు లాగుతున్నా, బడి ఇక 18 కిలోమీటర్లే కదా అని అలాగే పోనిచ్చారు. బడి దగ్గర కొలిస్తే 12 పాయింట్లు ఉంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. యర్రగుంట్లలో ఒక పెద్దాయన టైరు విప్పి చూసి, ‘అమ్మా, ఇది టైరు తప్పే. లోపల్నుంచే గాలి పోతాంది. కంపెనీ వాళ్లు మార్చియ్యాల్సిందే’ అన్నారట. టైరును మరిదికి ఇచ్చారు. పంతొమ్మిది రోజుల తర్వాత ఆయన వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. అందులో మిగిలిన గ్రిప్పు, అంటే టైరు మీది గాళ్ల లోతు 4.8 మిల్లీమీటర్లనీ, గాలి తక్కువతో నడిపినందువల్ల నష్టం జరిగిందనీ, క్లెయిము తిరస్కరించామనీ మాత్రమే ఉంది.

‘పంచర్లకు వారంటీ ఉండదు వదినా, నేనేం చేసేది’ అంటారు మరిది. పొలం గట్టు తగువుతో పదేళ్లు మాటల్లేకుండా ఉండి, రెండేళ్ల కిందటే మళ్లీ రాకపోకలు మొదలైన కుటుంబాలవి. అందుకే ఆయన దగ్గర కొన్నారు. వచ్చే నెలలో ఆయన కొత్త ఇంటి గృహప్రవేశం ఉంది. ‘ఆరు వేల టైరు కోసం దాయాదులతో మళ్లీ మాట పడాలా’ అని భర్త విసుక్కుంటున్నారు. ఇంతలో కొడుకు టైర్ల మీది అంకెలు చదివి, మూడు టైర్లు 2024లో తయారైనవనీ, గాలి దిగే టైరు ఒక్కటే 2022 నాటిదనీ చెప్పాడు. తనను మోసం చేశారా, కంపెనీ మీద కేసు వేయవచ్చా, 12 పాయింట్లతో నడిపిన సంగతి చెప్పాలా దాచాలా, లేక అన్నీ వదిలేసి కొత్త టైరు కొనుక్కోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. కానీ వాటికంటే ముందు రావలసిన ప్రశ్న ఒకటి మీ ఉత్తరంలో లేదు. ఇంతకీ గాలి ఎక్కడి నుంచి పోతోంది? పంచరు షాపు పెద్దాయన టైరు తప్పన్నారు, కంపెనీ వారు మీ తప్పన్నారు, మరిది ఎవరి తప్పూ కాదన్నారు. ముగ్గురిలో ఒక్కరు కూడా గాలి పోయే చోటును చూపించలేదు. ఆ చోటు తెలియనంతవరకు మీకు ఎవరితో పేచీ ఉందో, అసలు పేచీ ఉందో లేదో కూడా తేలదు. కాబట్టి కోపాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఆ సంగతి తేల్చుకోమని నా మనవి.

ఐదు రోజుల్లో తొమ్మిది పాయింట్లంటే రోజుకు రెండు పాయింట్లకు కొద్దిగా తక్కువ. మంచి టైరు కూడా నెలకు ఒకటి రెండు పాయింట్లు కోల్పోతుంది. వేడిలో హెచ్చుతగ్గుల వల్ల కూడా అంకె మారుతుంది. సుమారు ఐదారు డిగ్రీలకు ఒక పాయింటు తేడా వస్తుంది కాబట్టి, కడప ఎండలో మధ్యాహ్నం బండి దిగి కొలిచిన అంకెను మర్నాటి తెల్లవారుజామున కొలిచిన అంకెతో పోల్చితే లేని లీకు ఉన్నట్టు కనబడుతుంది. మీ టైరు విషయంలో మాత్రం అది కారణం కాదు. రోజుకు రెండు పాయింట్లంటే నిజమైన లీకే. అయితే చాలా సన్నని లీకు. తొట్టిలో ముంచి అర నిమిషం చూసి తీసేస్తే దొరకదు. మొదటి షాపువారు ఏమీ లేదన్నారంటే లీకు లేదని కాదు, బుడగ పైకి వచ్చేదాకా వారు ఆగలేదని అర్థం.

గాలి పోవడానికి ఉన్న దారులు ఎక్కువేమీ కావు. ఒకటి, గ్రిప్పు భాగంలో మేకో ముల్లో దిగిన రంధ్రం. మీకు అది దొరికింది, స్ట్రిప్ కూడా వేశారు. ఆ స్ట్రిప్ సరిగ్గా కూర్చోకపోతే దాని పక్క నుంచే గాలి పోతూ ఉంటుంది. లోపలి వైపు నుంచి ప్యాచ్ వేయడం దానికంటే నమ్మకమైన పని గానీ, టైరు విప్పాల్సి వస్తుందని చాలా చోట్ల చేయరు. రెండోది వాల్వు. లోపలి పిన్ను వదులైనా, రబ్బరు కాడ మొదట్లో పగిలినా గాలి పోతుంది. టైర్లు మార్చినప్పుడు వాల్వులు కూడా మార్చడం మంచి పద్ధతి. మీకు మార్చారో లేదో చీటీ మీద లేదు. మూడోది, టైరు అంచు రిమ్మును పట్టుకునే చోటు, మెకానిక్కులు బీడింగ్ అనే భాగం. రిమ్ము వంగినా, అక్కడ తుప్పో మట్టో చేరినా, అలాయ్ రిమ్ములో వెంట్రుకంత పగులు వచ్చినా గాలి అక్కడి నుంచి జారిపోతుంది. నాలుగోది టైరు పక్క గోడకు తగిలిన దెబ్బ లేదా కోత. మీరు తిరిగే దారిలో నాపరాళ్ల లారీల నుంచి రాలిన పెచ్చులు కత్తుల్లా ఉంటాయి, పక్క గోడను కోయడానికి అవి చాలు. అయిదోది, టైరు లోపల గాలిని పట్టి ఉంచే పలుచని పొర అతుకు దగ్గర విడిపోవడం. ఇది తయారీ లోపం. అరుదు గానీ, జరుగుతుంది.

ఈ అయిదింటిలో కంపెనీ వారంటీ కిందకు నిస్సందేహంగా వచ్చేది చివరిదొక్కటే. మామూలు వారంటీ అంటే సరుకులో గానీ తయారీలో గానీ లోపం ఉంటే చూసుకుంటామన్న మాట. రోడ్డు మీద దిగిన మేకు, రాతి కోత, గుంత దెబ్బ, సరిగా బిగించకపోవడం, గాలి తక్కువతో నడపడం, ఇవన్నీ అందులో మినహాయింపులుగానే ఉంటాయి. ప్రమాదవశాత్తు జరిగిన నష్టాన్ని కూడా కొంతకాలం భరించే వేరే వారంటీని కొన్ని కంపెనీలు ఇస్తాయి. దానికి సాధారణంగా కొన్న కొత్తలోనే బిల్లుతో నమోదు చేయించుకోవాలి. మీ టైర్లకు అలాంటిది ఉందో లేదో మరిదిని తప్పక అడగండి. ఆయన కూడా మరచిపోయి ఉండవచ్చు. కాబట్టి ‘పంచర్లకు వారంటీ ఉండదు’ అన్న మీ మరిది మాట సగం నిజం. రంధ్రానికి ఉండదు. ఆ రంధ్రం కాక మరో దారిలో గాలి పోతోందా అన్నది ఆయన చూడలేదు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతికి వస్తాను. జూన్ చివర్లో ఎడమ చక్రం గుంతలో పడింది, జూలై నడిమికి అదే చక్రంలో గాలి దిగడం మొదలైంది. నన్ను అడిగితే, నేను ముందుగా అనుమానించేది రిమ్మునే. అనంతపురంలో ఉన్న రోజుల్లో నాకూ ఇలాగే జరిగింది. రెండు నెలలు గాలి పట్టించుకుంటూ తిరిగి, చివరకు టైరే పాడైందని నమ్మి కొత్తది వేయించాను. వారం తిరక్కుండానే కొత్త టైరులోనూ గాలి దిగింది. అప్పుడు ఒక కుర్రాడు రిమ్మును బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పి చూపిస్తే లోపలి అంచు అర అంగుళం మేర అలలాగా ఊగింది. బయటి వైపు నుంచి చూస్తే గీత కూడా లేదు. మంచి టైరును పారేశానన్న బాధ నాకు ఈనాటికీ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

కనుక మొదటి పని, ఆ రిమ్మును ఎక్కడైనా మిషను మీద తిప్పించి చూడండి. దీనికి పెద్ద ఖర్చు కాదు, ఎవరి అనుమతీ అక్కర లేదు. రెండో పని, మరిది దుకాణంలో ఉన్న టైరును ఇంటికి తెచ్చుకోండి. ఇది మీకు చిన్న విషయంగా కనబడవచ్చు గానీ, ఈ మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఉన్న ఏకైక సాక్ష్యం ఆ టైరే. దుకాణం మూలన పడి ఉన్న తిరస్కరించిన టైరు ఒకరోజు పాత సరుకుతో పాటు వెళ్లిపోతుంది. అందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. తెచ్చిన తర్వాత దాని అంకెలు, స్ట్రిప్ వేసిన చోటు, పక్క గోడలు, లోపలి భాగం ఫొటోలు తీసి, నీడలో ఉంచండి. మరిది పంపిన ఫొటోలో టైరు సీరియల్ సంఖ్య కనబడుతుంటే అది మీ టైరుదేనా కాదా సరిచూడండి. కనబడకపోతే పూర్తి తనిఖీ నివేదిక కావాలని అడగండి. క్లెయిము సంఖ్య, తనిఖీ తేదీ, టైరు సీరియల్ సంఖ్య, తిరస్కరణకు కారణం, చూసినవారి సంతకం అందులో ఉండాలి. ఒక ఫొటోలోని మూడు మాటల మీద మీరు దేన్నీ ఒప్పుకోనక్కరలేదు, కాదననూ అక్కరలేదు.

గాలి తక్కువతో నడిపారన్న కారణం సంగతి చూద్దాం. గాలి దిగిన టైరు మీద బండి బరువు పడితే పక్క గోడ మడత పడుతూ తిరుగుతుంది. లోపల రబ్బరు రాసుకుపోయి నల్లని పొడి రాలుతుంది, గోడ చుట్టూ ఉంగరంలాగా ముడత గీత పడుతుంది. చూసే అలవాటున్న వారికి ఇది తెలిసిపోతుంది. మీరు 12 పాయింట్ల టైరుతో ఎంతో కొంత దూరం నడిపారని మీరే రాశారు. కాబట్టి నివేదికలో ఉన్నది అబద్ధం కాదు. అయితే అది ఫలితాన్ని చెబుతోందే తప్ప కారణాన్ని చెప్పడం లేదు. టైరు తనలోని లోపంతో గాలి వదులుతుండటం వల్లనే ఆ రోజు 12కు వచ్చిందని తేలితే, ఆ ముడతలు లోపం తెచ్చిన నష్టం అవుతాయి. రిమ్ము నుంచి పోయిందని తేలితే, టైరుకు ఆ పాపం అంటదు. ఈ రెండింటిలో ఏదో నివేదిక చెప్పలేదు. మీరు అడగవలసిన ప్రశ్న అదే.

ఆ సంగతి దాచాలా అని అడిగారు. దాచవద్దు. మీరు చెప్పకపోయినా టైరు చెబుతుంది, అది ఇప్పటికే చెప్పింది. మీరు ఏ మెట్టు మీద దాచినా తర్వాతి మెట్టు మీద మీ మిగతా నిజాలను కూడా అనుమానిస్తారు. ‘సెప్టెంబరులో ఒకసారి స్టీరింగు లాగడం గమనించినా బడి దాకా నడిపాను, అక్కడ కొలిస్తే 12 ఉంది, అంతకు ముందు రెండు నెలలుగా అదే టైరు గాలి దిగుతోంది, మూడు చోట్ల చూపించాను’ అని వరుసగా రాస్తే, మీరు అజాగ్రత్తగా తిరిగే మనిషి కాదని చదివినవారికి అర్థమవుతుంది. జిగురు మందు పోయించిన సంగతి కూడా రాయండి. చాలా కంపెనీలు దాన్ని ఒక అభ్యంతరంగా ఎత్తి చూపుతాయి, అది మీకు కొంత నష్టమే. ముందుగా తెలిసి అడుగు వేయడం మేలు.

ఒక విషయంలో మాత్రం మీకు రెండు దారులు ఉన్నాయని నేను చెప్పలేను. వారంటీ వచ్చినా రాకపోయినా, లీకు ఎక్కడున్నా, ఆ టైరును మళ్లీ మీ కారుకు ఎక్కించవద్దు. ముగ్గురు మనుషుల బరువుతో, గాలి చాలకుండా కిలోమీటర్ల కొద్దీ మడత పడిన పక్క గోడలో లోపలి దారాలు ఎంత బలహీనపడ్డాయో బయటికి కనబడదు. ఏప్రిల్, మే ఎండల్లో వేగంగా పోతున్నప్పుడు అది పగిలితే స్టీరింగు మీ చేతిలో ఉండదు. పరీక్ష కోసం ఎక్కడైనా దానికి గాలి ఎక్కించాల్సి వస్తే, ఎవరూ టైరుకు ఎదురుగా నిలబడకుండా చూడండి. మీరు మూడు వారాలుగా స్టెప్నీ మీద బడికి వెళ్తున్నానని రాశారు. మీ అలాయ్ చక్రాలకంటే అది చిన్న ఇనుప చక్రమైతే దాని మీద వేగ పరిమితి రాసి ఉంటుంది, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు. అది షాపు దాకా చేరడానికి ఇచ్చిన చక్రం, రోజువారీ ప్రయాణానికి కాదు. కొత్త టైరు కొనడాన్ని వారంటీ తేలేదాకా ఆపవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ధర కూడా కొంత తగ్గి ఉండాలి. అడగండి.

ఇక డబ్బు లెక్క. క్లెయిము ఒప్పుకుంటే కొత్త టైరు ఉచితంగా వస్తుందని మీరు అనుకుంటున్నట్టుంది. సాధారణంగా అలా ఉండదు. వాడుకున్న గ్రిప్పు మేరకు మీ నుంచి తీసుకుంటారు. మీ టైరు కొత్తగా ఉన్నప్పుడు లోతు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. 1.6 మిల్లీమీటర్లకు వచ్చాక దాన్ని వాడకూడదు. అంటే వాడుకోదగ్గది 6.4 మిల్లీమీటర్లు. నివేదిక ప్రకారం మిగిలింది 4.8, అందులోంచి 1.6 తీసివేస్తే 3.2. సరిగ్గా సగం. అంటే మీరు పూర్తిగా గెలిచినా 6,400 రూపాయల టైరుకు 3,200 మీరే కట్టాలి. కంపెనీ షరతులను బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ కావచ్చు. మీ ఇంట్లో ఆరు వేల మీద జరుగుతున్న వాదన నిజానికి మూడు వేల మీద జరుగుతున్నదని మీ భర్తకు కూడా చెప్పండి. అది తక్కువని వదిలేయమనడానికి కాదు, ఎంత కోసం ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించుకోవడానికి సరైన అంకె ముందుండాలని.

కేసు సంగతికి వస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మీకు మార్గం ఇస్తోంది. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, అంటే కడపలోనే. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. తిరస్కరణ తేదీ నుంచి లెక్కించాలని మీరు వాదించవచ్చు గానీ, లీకు మొదలైన 2025 జూలై నుంచే లెక్క వేసుకుంటే ఏ చిక్కూ ఉండదు. పన్ను బిల్లు లేకపోయినా మీరు కొనుగోలుదారు కాకుండా పోరు. చీటీ, యూపీఐ చెల్లింపు రెండూ సాక్ష్యాలే. ఇదంతా మీ వైపు ఉన్న బలం.

ఎదురుగా ఉన్న కష్టం కూడా చెప్పాలి. టైరులో లోపం ఉందని చూపించాల్సింది మీరు. చూసి చెప్పడానికి వీల్లేని లోపమైతే కమిషన్ దాన్ని పరీక్షశాలకు పంపవచ్చు, ఆ ఖర్చు ముందుగా మీచేత కట్టించవచ్చు. అటువంటి ఫిర్యాదులను ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది గానీ, అనుభవంలో అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. గుంత దెబ్బ, మేకు రంధ్రం, జిగురు మందు, గాలి తక్కువతో నడపడం, ఈ నాలుగూ మీ వాదనకు అడ్డు నిలుస్తాయి. పైగా కంపెనీతో పాటు అమ్మిన దుకాణాన్ని కూడా సాధారణంగా కక్షిదారుగా చేరుస్తారు. అంటే నోటీసు మీ మరిది గడపకు వెళ్తుంది. ఇవన్నీ తెలిసి, లీకు టైరు లోపలి పొర నుంచేనని నిర్ధారణ అయితే, అప్పుడు కూడా కంపెనీ కాదంటే, ఫిర్యాదు వేయడం తప్పు కాదు. ఆ నిర్ధారణ లేకుండా వేస్తే మాత్రం, ఓడిపోతారనే నా అంచనా.

దీనికీ వదిలేయడానికీ మధ్య ఒక మెట్టు ఉంది. కంపెనీ వినియోగదారుల విభాగానికి నేరుగా రాసి, మళ్లీ తనిఖీ చేయమని, గాలి ఎక్కడి నుంచి పోతోందో నివేదికలో రాయమని కోరండి. టైరును మంచి రిమ్ముకు ఎక్కించి, నీళ్లలో ఉంచి, మీ ఎదుట చూడమనండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వారు తీర్పు ఇవ్వరు గానీ, కంపెనీకి పంపించి సమాధానం రాబట్టే ప్రయత్నం చేస్తారు. మూడు వేల రూపాయల వ్యవహారానికి ఇది తగిన శ్రమ అని నా అభిప్రాయం. ఇందులో మరిది మీద ఫిర్యాదు ఏమీ ఉండదు, ఆయన దుకాణం పేరు కొన్న చోటుగా మాత్రమే వస్తుంది.

మీ మరిదితో మీకున్న విషయం నిజానికి ఈ లీకు కాదు, ఆ నాలుగు అంకెలు. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మీ అబ్బాయి చదివిన 1122 అంటే 2022లో పదకొండో వారం, మార్చి నెల. మీరు కొన్నది 2024 జూలైలో. అంటే మీ చేతికి వచ్చేనాటికే ఆ టైరుకు రెండేళ్ల నాలుగు నెలలు. నీడలో సరిగా ఉంచిన టైరు ఆ మాత్రానికి పాడైపోదు. గాలి దిగడానికి అదే కారణమని ఎవరూ చెప్పలేరు. కానీ కొత్త సరుకు ధర తీసుకుని, మూడింటి పక్కన ఒక పాతదాన్ని మాట మాత్రం చెప్పకుండా బిగించడం న్యాయం కాదు. బిల్లు చూపలేని చోట కొన్ని కంపెనీలు వారంటీ కాలాన్ని తయారీ తేదీ నుంచే లెక్కిస్తాయి కాబట్టి, చీటీ, పాత టైరు రెండూ కలిసి మీకు నష్టం చేశాయి.

దీన్ని మోసం అనాలా? మూలన ఉన్న టైరును పని కుర్రాడు తెలియక తీసి ఎక్కించి ఉండవచ్చు, తెలిసీ ఎక్కించి ఉండవచ్చు. అడగకుండా ఆ మాట అనకండి. అడగకుండా మింగేయనూవద్దు. పదేళ్ల మౌనం తర్వాత కలిసిన కుటుంబాల్లో అడగని మాటలు ఎక్కడికీ పోవు, లోపలే ఉండి మరో సందర్భంలో మరో రూపంలో బయటపడతాయి. గృహప్రవేశం రోజున బంధువుల మధ్య ఎవరో టైర్ల ప్రస్తావన తెస్తే మీ ముఖం మారిపోతుందేమోనని మీరే రాశారు. అందుకే ఆ వేడుకకు ముందే, దుకాణంలో రద్దీ లేని వేళ చూసి, మీ భర్తతో కలిసి వెళ్లండి. టైరు సంగతి మీరు మాట్లాడండి, బంధుత్వం సంగతి ఆయన చూసుకుంటారు. ‘నువ్వు మోసం చేశావని నేను అనడం లేదు. నాలుగింటిలో ఒకటి మాత్రం 2022 సరుకు ఎలా వచ్చిందో చూసి చెప్పు’ అన్నంతవరకే అనండి. జవాబు కోసం ఆగండి.

ఆయన సర్దుబాటుకు సిద్ధపడితే, కొత్త టైరును తాను కంపెనీ నుంచి కొన్న ధరకే ఇవ్వమనడం నాకు సమంజసంగా తోస్తోంది. ఉచితంగా అడిగితే మీరు వాడుకున్న 14 నెలలకు లెక్క ఉండదు. ఈసారి మాత్రం తగ్గింపు లేకపోయినా పన్ను బిల్లు తీసుకోండి, దాని మీద టైరు సీరియల్ సంఖ్య, వాల్వు మార్చిన సంగతి రాయించండి. టైర్లు కొన్నప్పుడు మీకు దక్కిన 1,600 తగ్గింపు ఆయన లాభంలోంచి వచ్చిందో, సర్కారుకు చేరాల్సిన పన్నులోంచి వచ్చిందో మీరు అప్పుడు ఆలోచించి ఉండరు. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది, తప్పు అమ్మినవారిదే. అయినా ఇప్పుడు పాత తేదీతో బిల్లు పుట్టించమని మాత్రం అడగవద్దు. అది ఇద్దరినీ ఇరికిస్తుంది. దానికి బదులు, ఫలానా నెలలో ఫలానా సంఖ్యలున్న నాలుగు టైర్లు అమ్మానని ఈనాటి తేదీతో ఒక ఉత్తరం రాసి సంతకం చేయమనండి. కంపెనీకి రాసే లేఖకు దాన్ని జత చేయవచ్చు.

ఆయన కస్సుమంటే? అప్పుడు ఎదురు మాట అనకుండా టైరు తీసుకుని వచ్చేయండి. గృహప్రవేశానికి వెళ్లండి, పెట్టవలసిన బట్టలు పెట్టండి. కొత్త టైరు మరో చోట కొనుక్కోండి. కంపెనీకి రాయదలచుకున్న లేఖ రాయండి. దాయాదితో సంబంధం నిలుపుకోవడానికి మీ హక్కును వదులుకోనక్కరలేదు, హక్కు కోసం సంబంధాన్ని తెంచుకోనూ అక్కరలేదు. రెండూ విడివిడిగా నడవగలవు, కొంత ఓపిక కావాలి. మొత్తం వదిలేసి కొత్త టైరుతో సరిపెట్టుకుంటానన్నా నేను తప్పు పట్టను. రిమ్ము వంగిందని తేలితే నేను కూడా అదే చేయమంటాను, పాత తేదీ గురించి ఒక్కసారి అడిగి ఊరుకోమంటాను.

కొత్త టైరు ఎక్కించే ముందు రిమ్మును సరిచేయించి, వాల్వు మార్పించి, అదే పరిమాణం, వీలైతే అదే రకం టైరు తీసుకోండి. ముందు చక్రాలు రెండూ ఒకే తీరుగా ఉండటం బండికి మంచిది. అలైన్‌మెంటు కూడా చూపించండి, ఆ గుంత దెబ్బకు అది కూడా తప్పి ఉంటుంది. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టీ మీద ఎంత ఉంటే అంతే గాలి పట్టించి, ఏడు రోజులు వరుసగా, తెల్లవారుజామున, బండి కదలక ముందే కొలిచి తేదీతో రాసుకోండి. అంకె నిలకడగా ఉంటే లీకు పాత టైరులోనో, మార్చిన వాల్వులోనో, సరిచేసిన రిమ్ములోనో ఉన్నట్టు, వాటిలో ఏదో మెకానిక్కు మీకు చూపించి ఉంటారు. మళ్లీ దిగితే రిమ్మును ఇంకా వెతకాలి, కంపెనీకి రాయదలచిన లేఖను ఆపాలి. ఆ ఏడు అంకెలూ నాకు రాసి పంపండి. లేఖ ఎలా రాయాలో, అసలు రాయాలో వద్దో, వాటిని ముందు పెట్టుకుని చూద్దాం.